ఇంధనం అయిపోయాకే అసలు ఎత్తు

భీమడోలు వైపు దీపావళికి వదిలే తారాజువ్వ అయినా, శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ అయినా, పైకి పోయే తీరు రెండు దశల్లో సాగుతుంది. మందు మండుతున్నంత సేపు ఒక లెక్క, ఆరిపోయాక మరో లెక్క. ఒకే సూత్రంతో మొత్తం దారిని లెక్కించబోతే జవాబు తప్పుతుంది. హైస్కూలు పిల్లలు ఎక్కువగా తడబడేదీ ఇక్కడే.

ఒక చిన్న రాకెట్ నిశ్చల స్థితి నుంచి బయలుదేరి, 5 సెకన్ల పాటు సెకనుకు సెకనుకు 20 మీటర్ల నికర త్వరణంతో నిలువుగా లేచిందనుకుందాం. నికరం అంటే భూమి లాగే లాగుడు తీసేయగా మిగిలినది. త్వరణాన్ని కాలంతో గుణిస్తే వేగం సెకనుకు 100 మీటర్లు. త్వరణంలో సగాన్ని కాలం వర్గంతో గుణిస్తే ఎత్తు 250 మీటర్లు.

ఇప్పుడు ఇంజన్ ఆగింది. అయినా రాకెట్ ఆగదు. నిజానికి పైకి వెళ్లే దారిలో దాని వేగం అత్యధికంగా ఉండేది ఆ క్షణంలోనే. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, ఇక దాన్ని వెనక్కి లాగేది గురుత్వ త్వరణం 9.8 ఒక్కటే. వేగం వర్గాన్ని, అంటే 10,000ని, 19.6తో భాగిస్తే మరో 510 మీటర్లు. మంట ఉన్నప్పటి ఎత్తుకు ఇది రెట్టింపు! మొత్తం 760 మీటర్లు. శిఖరానికి చేరడానికి 15.2 సెకన్లు, అక్కడి నుంచి నేలకు 12.5 సెకన్లు. శిఖరం దగ్గర వేగం సున్నా అయినా త్వరణం మాత్రం కిందివైపు 9.8గానే ఉంటుంది.

హైదరాబాద్ సంస్థ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. భీమడోలు నుంచి విజయవాడ కూడా అంత దూరం లేదు. దాని గరిష్ఠ వేగం ధ్వనికి దాదాపు 5 రెట్లు, అంటే సెకనుకు సుమారు 1,500 మీటర్లు. పై సూత్రం ప్రకారం ఇంజన్ ఆగాకే అది 115 కిలోమీటర్లు ఎక్కాలి. ఎక్కలేదు. రాకెట్‌ను నిటారుగా కాక సముద్రం వైపు వాల్చి వదిలారు. పైగా గాలి నిరోధం ఉంది.

ఈ తేడాకు, ఎత్తుకు పోయేకొద్దీ గురుత్వం తగ్గడమే కారణమని కొందరనుకుంటారు. తగ్గితే రాకెట్ ఇంకా పైకి పోవాలి కదా! 89.5 కిలోమీటర్ల దగ్గర ఆ తగ్గుదల 3 శాతం లోపే. ఇలాంటి చిన్న రాకెట్ల లెక్కలో 9.8ని మార్చక్కర్లేదు, గాలినీ, వాలునూ మాత్రం వదిలేయకూడదు.