పసుపు అచ్చులో కుందూ ఆకు

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని మీకు తెలియనిదా! ఆ పసుపుతోనే ఫోటో అచ్చు వేయొచ్చు. పూలరంగులు ఎండకు వెలిసే తీరును 1842లోనే జాన్ హెర్షెల్ ఇంగ్లండులో వివరించాడు.

పసుపు స్పిరిట్‌లో కలిపి, గుడ్డలో వడగట్టి, దళసరి కాగితానికి పూసి చీకట్లో ఆరనివ్వండి. నంద్యాల కుందూలో మురుగు తాగి బలిసిన గుర్రపుడెక్క ఆకును పుస్తకంలో అణిచి, దానిమీద పెట్టి, పైన అద్దం మూసి ఎండలో ఉంచండి. మన పగిడ్యాల ఎండకు కొదవా! నాలుగైదు గంటల్లో చుట్టూ పసుపు వెలిసి, ఆకు కింద మాత్రం నిలుస్తుంది. బట్టల సోడానీళ్ళలో ముంచితే ఇటుకరంగు తిరుగుతుంది.

ఈ సోడా, సబ్బునీళ్ళే ఊళ్ళ కాలువల్లోంచి ఏటికి చేరేది. మురుగులోని సారమే ఆ ఆకుకు ఎరువు. అచ్చు గోడకు తగిలిస్తే వెలిసిపోతుంది. నాది బీరువాలో, చీరల మడతల్లో ఉంది.