పెట్టె మీది అంకె, లోపలి రేకు

కిందటి వేసవిలో మా అబ్బాయి ఆటలకు వాడే మౌస్ పాడైపోయింది. ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్లు పడుతున్నది. కొని ఏడాదిన్నర కూడా కాలేదు. “ఆటలో ఓడిపోయి బల్లకేసి కొట్టి ఉంటావు” అని వాడిని గద్దించాను. “లేదు నాన్నా” అని ఎంత చెప్పినా నమ్మలేదు. రిపేరు షాపులో దానిని విప్పి చూపినప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు.

మౌస్ బటన్ క్రింద ఒక చిన్న స్విచ్చి, దానిలో పలుచని లోహపు రేకు ఉంటాయి. నొక్కిన ప్రతిసారీ ఆ రేకు వంగి తిరిగి లేస్తుంది. కాలము గడిచేకొద్దీ దాని బిగువు తగ్గుతుంది, తాకే చోట నల్లని పొర పడుతుంది. అప్పుడు రేకు సరిగా తాకక అదురుతుంది. ఆ అదురును కంప్యూటరు రెండు నొక్కులుగా లెక్కిస్తుంది. ఇందులో పిల్లవాని తప్పేమున్నది?

పెట్టె మీద మాత్రము 2 కోట్ల నొక్కులని ఉన్నది. రోజుకు 10,000 నొక్కులనుకున్నా 2,000 రోజులు, అనగా సుమారు అయిదున్నర ఏండ్లు రావాలి. అయితే ఆ అంకె స్విచ్చిని యంత్రముతో నొక్కించి చూచి ఇచ్చేది. మన ఇండ్లలోని ఉక్క, దుమ్ము, చేతి చెమట ఆ లెక్కలో లేవు. పైగా అది స్విచ్చికే గాని మొత్తము వస్తువుకు కాదు. మౌస్ మీది మెత్తని రబ్బరు పూత తేమకు జిగురుగా మారవచ్చు. తీగ మౌస్‌లోనికి వెళ్ళే చోట వంగి వంగి లోపల తెగిపోవచ్చు.

కీబోర్డుల సంగతి కూడా ఇంతే. రబ్బరు పొర మీద పనిచేసే వాటికి సాధారణంగా ఒక్కొక్క మీటకు 50 లక్షల నుండి 1 కోటి నొక్కులు చెప్తారు. మీట మీటకు వేరే స్ప్రింగు స్విచ్చి ఉండే మెకానికల్ రకానికి 5 కోట్లు, 10 కోట్లు కూడా చెప్తారు. ఐబీఎం సంస్థ 1985లో తెచ్చిన మోడల్ ఎం కీబోర్డులలో నేటికీ పనిచేసేవి ఉన్నాయి. వాటికి రంగుల దీపాలు లేవు!

ఆటల కంట్రోలరులో పుల్ల ముట్టుకోకుండానే బొమ్మ ప్రక్కకు జరిగిపోతుంటే, సాధారణంగా లోపల రాసుకునే భాగము అరిగినదని అర్థము. అయస్కాంతముతో పనిచేసే హాల్ సెన్సారులో ఆ రాపిడి లేదు. సేగా సంస్థ 1998లోనే డ్రీమ్‌కాస్ట్ కంట్రోలరులో దీనిని వాడింది.

కాబట్టి తల్లిదండ్రులారా, కొనేముందు మూడు సంగతులు అడగండి. వారంటీ ఎంతకాలము? చెడితే మన ఊరిలోనే తీసుకుంటారా? స్విచ్చి, తీగ మార్చుకొనే వీలున్నదా? కొన్ని మెకానికల్ కీబోర్డులలో స్విచ్చిని చేతితోనే ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. దీపాల సంగతి చివరన చూడవచ్చు.

మా మౌస్‌కు స్విచ్చి మార్పించాము. కొత్తదాని ధరలో కొద్ది భాగమే అయింది. ఇంటికి వచ్చి అబ్బాయిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, “తప్పు నాదే, నీ మాట వినవలసింది” అన్నాను. ఆ మాట అనడము నాకు సులువు కాలేదు. మీ ఇంట వస్తువు చెడితే, ముందు మూత విప్పి చూడండి. పిల్లవాడిని ఆ తరువాత అడగవచ్చు.