ఊరు మారితే... ఇల్లెక్కడ?

పిల్లాడి చదువు కోసమో, మిల్లులో పని దొరికిందనో, ఏటా సుగ్గికి పోయి పోయి విసుగొచ్చో... పల్లె వదిలి పట్నం చేరే కుటుంబానికి ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఎక్కడుండాలి? అద్దె ఎంతన్నది రెండోది. ఈ రెండింటి వరస తారుమారైతే తిప్పలు తప్పవు. మూడొందలు అద్దె తగ్గిందని ఊరి చివర దిగితే, ఆ మూడొందలూ ఆటోకి పోతాయి. ఆపైన నీళ్ల బిందెల లెక్క వేరే!

కర్నూలు జిల్లా పశ్చిమాన ఆస్పరి, ఆలూరు, హొళగుంద, కౌతాళం, కోసిగి... ఏ వైపు నుంచి బయల్దేరినా చాలామందికి ఆ పట్నం ఆదోనే. ఆస్పరి నుంచైతే బస్సుంది, అదే మార్గంలో రైలూ ఉంది. పత్తి బండెక్కినా, పిల్లాడు కాలేజీకి బయల్దేరినా దారి అటే. 2011 లెక్కల ప్రకారం ఆదోని పట్టణ జనాభా లక్షా అరవై ఆరు వేల పైచిలుకు. ఆ తర్వాత ఊరు నాలుగు దిక్కులా పెరుగుతూనే ఉంది. అందుకే ‘ఏ వైపు?’ అన్న ప్రశ్నకు ఇప్పుడు విలువ ఎక్కువ.

పత్తి కట్టిన ఊరు

మద్రాసు నుంచి వచ్చిన రైలు మార్గం, బొంబాయి నుంచి వచ్చిన మార్గం 1871లో రాయచూరు దగ్గర కలిశాయి. ఆ దారిలో ఉన్న ఆదోనికి అదే వరమైంది. చుట్టూ నల్లరేగడి, అందులో పత్తి, పక్కనే రైలు... ఇంకేం కావాలి! జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు వెలిశాయి. వ్యాపారులు వచ్చారు. తెలుగు, కన్నడ, ఉర్దూ, మార్వాడీ మాటలు ఒకే బజారులో వినిపించే ఊరైంది. రెండో ముంబయి అన్న పేరూ వచ్చింది. ఆదోని మార్కెట్ యార్డు నేటికీ రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటి.

కోట కొండ కింద పాత ఊరిది ఇరుకు సందుల వ్యవహారం. బజారు, బడి, ఆసుపత్రి అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే. కానీ బండి పెట్టుకునే చోటుండదు. ఆలూరు, ఆస్పరి, ఎమ్మిగనూరు రోడ్ల వెంట పెరిగిన కొత్త కాలనీల్లో గాలీ వెలుతురూ బాగుంటాయి. అలాగని అన్ని సౌకర్యాలూ ఇంటితోపాటే వచ్చేయవు. రోడ్డు ఒక ఏడాది, కాలువ మరో ఏడాది, వీధి దీపం ఇంకో ఏడాది!

గాలి ఎటు వీస్తుంది?

జిన్నింగ్ మిల్లులో పత్తి నుంచి గింజను వేరు చేస్తారు. దూదిని నొక్కి 170 కిలోల బేళ్లుగా కడతారు. గింజ నూనె మిల్లుకు వెళుతుంది. ఈ పనంతా ముమ్మరంగా సాగేది అక్టోబరు, నవంబరుల నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా. ఆ నెలల్లో మిల్లు పరిసరాల్లో దూది నలుసులు, ఎండుటాకు పొడి గాల్లో తేలుతుంటాయి. ఆరేసిన బట్టల మీదా, మూత పెట్టని కుండ మీదా వాలతాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పెద్దాయనో, తరచూ దగ్గే పసిబిడ్డో ఉంటే ఈ సంగతి ముందే చూసుకోవాలి.

చూసుకోవడం కష్టమేం కాదు. ఆస్పరి చుట్టుపక్కల గాలిమరలు తిరుగుతుండగా చూసినవాళ్లకు గాలి దిక్కు గురించి కొత్తగా చెప్పాలా! వానాకాలంలో గాలి ఎక్కువగా పడమటి నుంచి వీస్తుంది. చలికాలంలో తూర్పు, ఈశాన్యాల నుంచి. మిల్లులు ఎక్కువగా ఆడేది చలికాలంలోనే కాబట్టి దుమ్ము ఎక్కువగా కొట్టుకెళ్లేది మిల్లుకు పడమటి, నైరుతి వైపులకు. ఇల్లు మిల్లుకు తూర్పున ఉంటే కొంత మేలు. ఇక లారీల రాకపోకలు, రాత్రిపూట యంత్రాల చప్పుడు, పత్తి నిల్వల దగ్గర నిప్పు భయం... ఇవి దిక్కుతో సంబంధం లేనివి. దూరమే వాటికి మందు.

అయితే పనికి మరీ దూరమైనా చిక్కే. మిల్లులో పనిచేసే మహిళలు చీకటి పడ్డాక తిరిగొచ్చే దారి ఎలా ఉందన్నది అద్దెకన్నా పెద్ద విషయం. దీపాలున్నాయా, దుకాణాలు తెరిచుంటాయా, నలుగురు తిరిగే బాటేనా అన్నది ఒకసారి రాత్రి ఎనిమిదింటికి నడిచి చూస్తే తెలిసిపోతుంది.

పనికీ ఇంటికీ కుదిరిన జోడీ ఎలా ఉంటుందో ఎమ్మిగనూరు చూపించింది. అక్కడ మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. నేత పనిని ఆసరా చేసుకుని ఊరు ఎదిగింది. నేతన్నల పేరుతోనే వీవర్స్ కాలనీ వెలిసింది. 

ఊరే ఫ్యాక్టరీ దగ్గరికెళితే...

పరిశ్రమ పక్కన ఇల్లంటే ఎంత ఆలోచించాలో విశాఖపట్నం చెప్పింది. గోపాలపట్నం దగ్గరి ఆర్.ఆర్.వెంకటాపురంలోని ఫ్యాక్టరీ 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పేరుతో మొదలైంది. అప్పట్లో అది నగరానికి దూరం. ఏళ్లు గడిచేకొద్దీ నగరమే నడుచుకుంటూ వెళ్లి దాని గోడను ఆనుకుంది. ఫ్యాక్టరీ చేతులు మారి ఎల్జీ పాలిమర్స్ అయింది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. నిద్రలో ఉన్నవాళ్లు లేచి పరిగెత్తారు. పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు.

పత్తి మిల్లుకూ రసాయన ఫ్యాక్టరీకీ పోలిక లేదు. కానీ పాఠం ఒకటే. చౌకగా వస్తున్న స్థలం పక్కన గోడ ఉంటే, ఆ గోడకు అవతల ఏముందో, ఏం నిల్వ చేస్తారో అడగాలి. ఇవాళ ఊరికి దూరంగా ఉన్నది పదేళ్లకు ఊరి మధ్యలోకి వస్తుంది.

‘నీళ్లు ఎన్నాళ్లకొకసారి వస్తాయక్కా?’

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు యజమానిని కాదు, పక్కింటావిడను అడగాల్సిన ప్రశ్న ఇది. ఈ ప్రాంతానికి తుంగభద్ర దిగువ కాలువే పెద్ద దిక్కు. కాలువలో ఏడాది పొడవునా నీళ్లు రావు కాబట్టి వేసవి కోసం చెరువుల్లో నిల్వ చేస్తారు. ఆదోనికి బసాపురం దగ్గరి చెరువు అలాంటిదే. అక్కడెక్కడో హోస్పేట దగ్గర డ్యామ్‌లో ఏం జరిగినా ఇక్కడి కుళాయికి తెలుస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఇక్కడి రైతులూ పట్నవాసులూ ఊపిరి బిగబట్టింది అందుకే. ఇంజినీరు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో వారం రోజుల్లో తాత్కాలిక గేటు అమర్చాక గానీ కుదుటపడలేదు.

అందుకే అడగాల్సినవి కొన్నున్నాయి. కుళాయి వీధిలోనా, ఇంట్లోనా? ఏ వేళ వస్తుంది? పైప్‌లైన్ చివర ఉన్న వీధా? బోరు ఉంటే వేసవిలో పోస్తుందా? నీళ్లు వచ్చే వేళ, పనికెళ్లే వేళ ఒకటే అయితే ఇంట్లో ఒకరు పని మానుకోవాల్సిందే. ఆ ఒకరు ఎప్పుడూ అమ్మో, బడికెళ్లే ఆడపిల్లో అవుతారు. 

నేల మాట వినాలి

నల్లరేగడి పత్తికి బంగారం. పునాదికి మాత్రం గండం. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాంతోపాటే గోడలూ పగులుతాయి. రేగడిలో కట్టాలంటే పునాది గట్టి నేల దాకా వెళ్లాలి. లేదంటే అడుగున ఉబ్బెత్తుగా ఉండే ప్రత్యేక పైల్స్ వేయాలి. స్థలం చౌకగా వచ్చిందనుకున్న డబ్బు పునాదికే పోవచ్చు. చుట్టుపక్కల ఐదారేళ్ల కిందట కట్టిన ఇళ్ల గోడలు చూస్తే లెక్క తేలిపోతుంది.

పల్లమూ చూడాలి. వాన తక్కువ పడే సీమలో వరదేంటి అనుకుంటాం. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరాన్నే ముంచేశాయి. వాగును పూడ్చి ప్లాట్లు వేసినా, నీళ్లు తమ పాత దారి మరచిపోవు.

కాగితం చదివాకే...

కొనేవాళ్లయితే లేఅవుటుకు అనుమతి ఉందా, రోడ్లకూ ఖాళీ స్థలానికీ చోటు వదిలారా అన్నది పురపాలక కార్యాలయంలో కనుక్కోవాలి. ఈసీ తీయించాలి. డి-పట్టా భూమా, ప్రభుత్వ నిషేధిత జాబితాలో ఉందా అన్నది సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో తేల్చుకోవాలి. అయిదొందల చదరపు మీటర్లు దాటిన వెంచరైతే 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదై ఉండాలి. ‘అనుమతి వచ్చేస్తుందన్నా’ అన్న మాటకు బయానా ఇవ్వకూడదు.

పిల్లల బడి సంగతీ ఉంది. ఈ సరిహద్దు ప్రాంతంలో కన్నడ మాధ్యమంలో చదివే పిల్లలూ ఉన్నారు. బడి దగ్గరుంటే చాలదు, అందులో మనకు కావాల్సిన మాధ్యమం ఉండాలి. దారిలో రైలు పట్టాలు దాటాల్సి వస్తే మరోసారి ఆలోచించాలి.

ఇన్ని చూడాలంటే ఒక్క ఆదివారం చాలదు. తేలికైన మార్గం ఒకటుంది. కొనేముందు ఆ వీధిలోనే ఒక ఏడాది అద్దెకుండటం. వానాకాలంలో పల్లం, పత్తి కాలంలో దుమ్ము, వేసవిలో కుళాయి... మూడూ తెలిసిపోతాయి. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. ఒకసారి కట్టాక మార్చుకునే స్తోమత అందరికీ ఉండదు. ముందు వీధిని చూస్తే ఆ అవసరమే రాదు.