హామ్: కూరా, ఊరగాయా?

కిందటి నెల మన కాలేజీలో రక్తపరీక్షల క్యాంపు పెట్టారు కదా. మా హాస్టల్లో ఫస్టియర్ అమ్మాయికి హిమోగ్లోబిన్ 9.4 అని వచ్చింది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి. "పోర్క్ తిను, హామ్ తిను, రక్తం పడుతుంది" అని ఎవరో చెప్పారట. ఆ పిల్ల కోల్డ్ స్టోరేజీ షాపులో ప్యాకెట్టు కొనుక్కొచ్చి రోజూ బ్రెడ్డులో రెండు ముక్కలు పెట్టుకుని తినడం మొదలుపెట్టింది. "చూడక్కా, ఎంత ఎర్రగా ఉందో, అంతా రక్తమే కదా" అంది నాతో. నేను చదివేది న్యూట్రిషన్, పార్ట్ వన్ తెలుగు. ఆ అమ్మాయికి నోటితో చెప్పింది ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. పంది మాంసం తినేవాళ్ళు తింటారు, తిననివాళ్ళు తినరు, ఆ చర్చ ఇక్కడ లేదు. తినేవాళ్ళకి అందులో ఏముందో తెలియాలి, అంతే.

ముందు పేరు సంగతి. హామ్‌కి తెలుగులో మాట లేదు. "పంది" అనడానికి నోరు రాక మనవాళ్ళు పోర్క్ అనీ హామ్ అనీ అంటారు గానీ రెండూ ఒకటి కావు. పోర్క్ అంటే పచ్చి మాంసం. పంది వెనక తొడని ఉప్పులో ఊరబెడితే హామ్. పొట్ట భాగాన్ని అలా ఊరబెడితే బేకన్. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో యూరప్‌లో చలికాలం ముందు పందిని కోసి, ఏడాది పొడుగునా తినడానికి కనిపెట్టిన ఉపాయం ఇది. మనం ఎండాకాలంలో మామిడికాయ ఊరేసినట్టే. ఉప్పు మాంసంలోని నీటిని లాగేస్తుంది, నీరు లేకపోతే క్రిములు బతకలేవు.

మరి ఆ ఎరుపు? అది రక్తం కాదు. మామూలు పంది మాంసం ఉడికితే బూడిద రంగుకి తిరుగుతుంది, ఎవరింట్లో వండినా చూడొచ్చు. హామ్ మాత్రం ఉడికినా గులాబీ రంగులోనే ఉంటుంది. కారణం సురేకారం. మన పాత నిఘంటువుల్లో దీన్నే పెట్లుప్పు అన్నారు, టపాకాయల మందులో వేసేదీ ఇదే. ఉప్పుతోపాటు ఇది కొంచెం కలిస్తే మాంసం ఎర్రగా నిలబడుతుందని వందల ఏళ్ళ కిందటే కనిపెట్టారు. ఎందుకో తర్వాత తెలిసింది. మాంసంలోని సూక్ష్మజీవులు సురేకారంలోని నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తాయి. అందులోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ కండరంలోని మయోగ్లోబిన్‌కి అతుక్కుని గులాబీ రంగునిస్తుంది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో నేరుగా సోడియం నైట్రైటే కలుపుతారు. ప్యాకెట్టు వెనక చిన్న అక్షరాల్లో 250 అనే నంబరు కనిపిస్తే అదే.

రంగు కోసమే అయితే మానేయొచ్చు గానీ, దానికి ఇంకో పని ఉంది. గాలి తగలని చోట పెరిగే బొట్యులినం అనే క్రిమిని అది ఆపుతుంది. ఆ క్రిమి విషం మనిషిని పక్షవాతంలో పడేసి చంపగలదు. దాని పేరే లాటిన్‌లో సాసేజ్ అనే మాటనుంచి వచ్చిందంటే పాతకాలంలో ఎందరిని బలి తీసుకుందో ఊహించుకోండి.

సరే, ఇనుము లెక్క చూద్దాం. వంద గ్రాముల హామ్‌లో ఇనుము సుమారు 1 మిల్లీగ్రాము. రెండు ముక్కలంటే యాభై గ్రాములు, అంటే అర మిల్లీగ్రాము. ఐసీఎంఆర్ 2020 లెక్క ప్రకారం మన వయసు ఆడవాళ్ళకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలి. మాంసంలోని ఇనుము ఆకుకూరల్లో దానికంటే బాగా వంటబడుతుంది, నిజమే. అయినా అర మిల్లీగ్రాముతో ఏ మూలకి? మేక కార్జంలో దీనికి కొన్ని రెట్లు ఎక్కువ ఉంటుంది. తిననివాళ్ళకి రాగులు, ఆకుకూరలు ఉన్నాయి, వాటితో నిమ్మకాయ పిండుకుని, తినగానే కాఫీ టీలు తాగకుండా ఉంటే ఇంకొంచెం ఒంటబడుతుంది. కానీ 9.4 అనేది తిండితో మాత్రమే సరిదిద్దుకునే సంఖ్య కాదు. డాక్టరమ్మకి చూపించి మాత్రలు వేసుకోవాల్సిందే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. అంటే మన క్లాసులో సగం బెంచీలు. ఇలాంటప్పుడు ఎర్రగా ఉన్నదల్లా రక్తమనుకుంటూ కూర్చుంటే నెలలు గడిచిపోతాయి.

హామ్‌ని మరీ తీసిపారేయక్కర్లేదు. వంద గ్రాముల్లో ప్రొటీన్ 18 - 20 గ్రాములు, అంటే మూడు గుడ్లంత. అంతకంటే గొప్పది థయమిన్, అంటే బి1 విటమిన్. కోడి, మేక, గొడ్డు మాంసాలన్నిటికంటే పంది మాంసంలో ఇది చాలా రెట్లు ఎక్కువ, ఊరబెట్టినా చాలా వరకు నిలుస్తుంది. ఈ బి1కీ మన తెలుగువాళ్ళకీ పాత సంబంధం ఉంది. అది తగ్గితే బెరిబెరి వస్తుంది, కాళ్ళు చచ్చుబడి, ఒళ్ళు నీరు పట్టి, గుండె ఆగిపోతుంది. పోయిన శతాబ్దం మొదటి సగంలో మద్రాసు రాజధానిలో ఈ జబ్బు ఎక్కువగా ఉన్నది ఉత్తర సర్కారుల్లో, అంటే కోస్తా తెలుగు జిల్లాల్లో. అక్కడ మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవారు. ఇక్కడ తమిళ జిల్లాల్లో ఉప్పుడు బియ్యం వాడకం ఎక్కువ. వడ్లు ఉడకబెట్టినప్పుడు పై పొరలోని బి1 గింజ లోపలికి దిగుతుంది, తర్వాత దంచినా పోదు. మనలో చాలా ఇళ్ళల్లో ఉప్పుడు బియ్యం అంటే ముఖం చిట్లిస్తారు, "అరవవాళ్ళ అన్నం" అని. ఆ అన్నమే వాళ్ళని కాపాడింది. మనం ఇక్కడికొచ్చి ఇన్ని తరాలైనా ఆ ఒక్కటీ నేర్చుకోలేదు.

ఇక అసలు సంగతి ఉప్పు. రోజుకి ఐదు గ్రాములు, అంటే ఒక చెంచా, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. వంద గ్రాముల మామూలు హామ్‌లోనే రెండున్నర మూడు గ్రాములుంటుంది. ఇటలీ పార్మా హామ్ లాంటి ఆరబెట్టిన రకాల్లో ఐదు దాకా పోతుంది. పార్మా వాళ్ళు నైట్రైట్ వెయ్యరు, ఉప్పుతోనే ఏడాదికి పైగా ఆరబెడతారు, కాబట్టి అది "మంచి హామ్" అని కొందరంటారు. రంగు మందు లేదు గానీ ఉప్పు ఉందిగా! కరువాడు ఎంత ఉప్పో మనకి తెలుసు కనక ఒక్క ముక్క నంజుకుని గిన్నెడు అన్నం తింటాం. ఆవకాయని ఎవరూ గిన్నెలో వేసుకుని కూరలా తినరు. హామ్ దగ్గరికొచ్చేసరికి అది పల్చగా, మెత్తగా, తియ్యతియ్యగా ఉంటుంది, అందులో పంచదార కూడా వేస్తారు కదా, ఉప్పు నాలిక్కి తెలియదు. ఇంట్లో బీపీ ఉన్న అమ్మమ్మకి "ఇది మెత్తగా ఉంది, నమలక్కర్లేదు" అని పెట్టేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

కేన్సర్ మాట కూడా చెప్పాలి. 2015లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఉన్న అంతర్జాతీయ కేన్సర్ పరిశోధనా సంస్థ ఊరబెట్టిన, పొగబెట్టిన మాంసాలని మొదటి వర్గంలో చేర్చింది. పొగాకూ అదే వర్గం. అంటే హామ్ సిగరెట్‌తో సమానమని కాదు. కేన్సర్ తెస్తుందనడానికి రుజువు అంత గట్టిగా ఉందని మాత్రమే, ఎంత తెస్తుందనేది వేరే లెక్క. రోజూ యాభై గ్రాములు తింటే పెద్దపేగు కేన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందని వాళ్ళ అంచనా. వందమందిలో ఐదుగురికి రావాల్సి ఉందనుకుందాం, అది ఆరుగురు దాకా అవుతుందన్నమాట. యాభై గ్రాములంటే సరిగ్గా ఆ పిల్ల తింటున్న రెండు ముక్కలు. "రోజూ" అన్న మాటలోనే ఉంది చిక్కంతా. క్రిస్మస్‌కి ఒకసారి తిన్నవాళ్ళు బెంగపడక్కర్లేదు.

తినాలనిపిస్తే పచ్చి పోర్కే తెచ్చుకుని మిరియాలు వేసి కూర వండుకోండి. బి1 చాలా వరకు ఉంటుంది, ఉప్పు మీ చేతిలో ఉంటుంది. ఎక్కువ నీళ్ళు పోసి ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే మాత్రం బి1 కూడా తూములోకే పోతుంది, పులుసు వదలకూడదు. హామ్ అయితే ఒక ముక్కని సన్నగా తరిగి గుడ్డులోనో ఉడికించిన బీన్స్‌లోనో వేస్తే వాటికి వేరే ఉప్పు అక్కర్లేదు. బేకన్‌ని పెనం మీద నల్లగా మాడ్చొద్దు, ఆ వేడికే నైట్రైట్ నైట్రోసమైన్‌లుగా మారేది.