రెండు గడుల అక్షరం

కంప్యూటర్ టెర్మినల్ తెర గళ్ల నోటుపుస్తకం లాంటిది. గడికో అక్షరం. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ తెచ్చిన వీటీ100లో అడ్డంగా 80 గడులు, నిలువుగా 24 వరసలు. 80 అన్న లెక్క ఐబీఎం పంచ్ కార్డులది. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు అన్న పద్ధతి ఇంగ్లీషు టైప్‌రైటర్‌ది. సన్నటి ‘ఐ’ కొట్టినా, వెడల్పాటి ‘డబ్ల్యూ’ కొట్టినా బండి జరిగేది ఒకే దూరం కదా!

సరిగ్గా అదే ఏడాది జపాన్ తమ రాతలోని చైనా మూలపు అక్షరాలైన కంజిలలో 6,349 అక్షరాలకు సంకేతాలిస్తూ ఒక జాతీయ ప్రమాణం తెచ్చింది. మరి అన్ని గీతలున్న కంజి అంత ఇరుకు గడిలో ఎలా పడుతుంది? 1982లో వచ్చిన ఎన్‌ఈసీ పీసీ-9801 తెర మీద అడ్డంగా 640 చుక్కలు. ఇంగ్లీషు అక్షరానికి 8 చుక్కల వెడల్పు, కంజికి 16. అంటే కంజికి రెండు గడులు. అప్పటి షిఫ్ట్-జిస్ సంకేతాల్లోనూ ఇంగ్లీషు అక్షరం ఒక బైటు, కంజి రెండు బైట్లు. బైట్లు లెక్కపెడితే గడుల లెక్క తేలిపోయేది. వెడల్పు అనేదాన్ని విడిగా పట్టించుకోవలసిన పనే ప్రోగ్రాములకు పడలేదు.

1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించిన యూటీఎఫ్-8 అనే సంకేత పద్ధతితో బైట్లకూ గడులకూ ఉన్న ఆ పొత్తు చెదిరింది. అందులో కంజి సాధారణంగా మూడు బైట్లు. తెర మీద మాత్రం రెండు గడులే. దాంతో ఏ అక్షరానికి ఎన్ని గడులో చెప్పే పట్టిక అవసరమైంది. ప్రపంచ లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్ ప్రమాణం ఆ సమాచారం ఇచ్చింది. దాని ఆధారంగా కేంబ్రిడ్జ్‌లో మార్కస్ కూన్ సీ భాషలో రాసిన చిన్న ఫైలును ఎన్నో ప్రోగ్రాములు వాడుకున్నాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. ప్రోగ్రాము టెర్మినల్‌కు అక్షరాలు పంపుతుందే గాని వాటి వెడల్పు పంపదు. ఇద్దరూ ఎవరి పట్టికతో వాళ్లు లెక్క వేసుకుంటారు. కర్సర్ 80వ గడిలో ఉండగా కంజి వచ్చిందనుకోండి. సగం అక్షరాన్ని గీయడం కుదరదు కాబట్టి టెర్మినల్ ఆ గడిని ఖాళీగా వదిలి కింది వరసకు దిగుతుంది. ప్రోగ్రాము మాత్రం దాన్ని ఒక్క గడి అక్షరమే అనుకుంటే, అక్కడి నుంచి దాని దృష్టిలో కర్సర్ ఒకచోట, తెర మీద ఇంకోచోట. చెరిపింది చెరగదు, చెరపనిది పోతుంది. గ్రీకు ఆల్ఫాదీ ఇదే తంటా: జపాన్ అలవాటులో రెండు గడులు, మిగతాచోట్ల ఒకటి. 2016లో యూనికోడ్ ఎమోజీలను రెండు గడుల జాబితాలో చేర్చాక, పాత పట్టికలున్న ప్రోగ్రాములన్నింటికీ ఈ తగువు అంటుకుంది.

రెండో గడి ఇవ్వడంతో కంజికి దారి దొరికింది. తెలుగు సంగతి వేరు. ‘స్త్రీ’ యూనికోడ్‌లో ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పొల్లుకూ గుడిదీర్ఘానికీ పట్టికలో సున్నా, హల్లుకు ఒకటి. మొత్తం మూడు గడులు. చేత్తో రాస్తే త, ర ఒత్తులై కిందికి దిగుతాయి. మూడు గడుల చోటు అక్కర్లేదు. హల్లులను కలపడం చేతకాని టెర్మినల్ ‘స్ త్ రీ’ అని ముక్కలు చేసి చూపిస్తుంది. ఇంకా విడ్డూరం గుణింతాల్లో ఉంది. కూన్ పట్టిక ప్రకారం ‘కి’కి ఒక గడి, ‘కు’కు రెండు! గుడిని పైన కూర్చునే గుర్తుగా, కొమ్మును చోటు ఆక్రమించే గుర్తుగా యూనికోడ్ వర్గీకరించడమే కారణం. ఒకే గుణింతంలో ఈ తేడా చదివేవాళ్లకు అన్యాయమనే అంటాను. లోపం మన లిపిది కాదు, సంకేతానికో వెడల్పు అన్న ఊహది.

ఆ ఊహను ఇప్పుడిప్పుడే వదులుతున్నారు. కొన్ని కొత్త టెర్మినళ్లు సంకేతాలను కాక, కలిసి ఒక అక్షరమయ్యే గుంపును కొలుస్తున్నాయి. 2025లో కిట్టీ అనే టెర్మినల్ ఇంకో అడుగు వేసింది: ఫలానా ముక్కకు ఇన్ని గడులని ప్రోగ్రామే రాసి పంపే పద్ధతి పెట్టింది. రెండు వైపులా అమలు చేసిన చోట ‘స్త్రీ’కి రెండు గడులు చాలని ప్రోగ్రామే చెప్పవచ్చు. దాన్ని ఆ రెండింట్లో ఒత్తులతో సహా ఇమిడ్చి గీయడం టెర్మినల్ వంతు.