కాపలావాడి జాబితా

సైటు తెరవబోతే "ఈ కనెక్షను సురక్షితం కాదు" అనే హెచ్చరిక మీరు చూసే ఉంటారు. ఇందుకు కారణం ఎప్పుడూ దొంగే కానక్కరలేదు.

భద్రమైన సైటుకు ఒక సర్టిఫికెట్టు ఉంటుంది. అందులో సైటు పేరు, గడువు తేదీ, ఇచ్చినవారి సంతకం ఉంటాయి. మన యంత్రం ఈ మూడింటినీ పరీక్షిస్తుంది. నమ్మదగిన సంతకాల జాబితా దాని వద్దనే ఉంటుంది.

2021 సెప్టెంబరు 30న ఒక చిత్రం జరిగింది. 'లెట్స్ ఎన్‌క్రిప్ట్' సంస్థ సర్టిఫికెట్లకు హామీగా ఉన్న ఒక పాత మూల సర్టిఫికెట్టుకు గడువు తీరింది. అది 2000 నాటిది. కొత్తది అప్పటికే సిద్ధంగా ఉన్నది. కాని కొన్ని పాత యంత్రాల జాబితాలో అది లేదు. సైట్లలో ఏ లోపమూ లేకపోయినా ఆ యంత్రాలు వాటిని నమ్మలేదు!

కనక హెచ్చరిక కనిపిస్తే ముందు మీ యంత్రంలో తేదీ చూడండి. గడియారం తప్పితే మంచి సర్టిఫికెట్టు కూడా చెల్లదు. తరవాత సైటు పేరు అక్షరం అక్షరం చదవండి. యంత్రం సాఫ్ట్‌వేరు పాతదైతే కొత్తది వేయించండి. అప్పటికీ హెచ్చరిక పోకపోతే పాస్‌వర్డు ఇవ్వకండి.

ప్రోగ్రాములు రాసేవారు కొందరు విసిగి, ఈ పరీక్షనే ఆపివేస్తారు. కాపలావాడు అడ్డగించాడని వాణ్ణే పంపివేస్తే, ఆ తరవాత వచ్చే దొంగను ఆపేదెవరు?