రేపటికి షిండ్లర్స్ లిస్ట్, ఈ రాత్రికి కామెడీ

తోటపని, ఫొటోగ్రఫీ, చదరంగం, కుట్లు అల్లికలు... ఇలాంటి పత్రికలు చాలా ఇళ్లలో టీపాయ్ కింద దొంతరగా పడి ఉంటాయి. కొనేటప్పుడు అందరూ చదువుదామనే కొంటారు. మరి ఎక్కడ బెడిసికొడుతోంది?

1999లో డేనియల్ రీడ్, జార్జ్ లోవెన్‌స్టీన్, శోభన కల్యాణరామన్ అనే పరిశోధకులు సినిమాల విషయంలో దీన్ని పరీక్షించారు. కొందరికి ఒక జాబితా ఇచ్చి, వేర్వేరు రోజుల్లో చూడటానికి మూడు సినిమాలు ఎంచుకోమన్నారు. అందులో సరదాగా గడిచిపోయేవీ ఉన్నాయి, ‘షిండ్లర్స్ లిస్ట్’ లాంటి బరువైనవీ ఉన్నాయి. వెంటనే చూడాల్సివస్తే సరదా సినిమా వైపే మొగ్గు. తర్వాతి రోజులకైతే బరువైనవాటికి చోటు దొరికింది. పదేళ్ల తర్వాత కేథరిన్ మిల్క్‌మన్ బృందం ఆస్ట్రేలియాలో డీవీడీలు అద్దెకిచ్చే ఒక సంస్థ లెక్కలు తిరగేసింది. ‘చూసి తీరాల్సిన’ సినిమాల డిస్కులు జనం ఇళ్లలో ఎక్కువ రోజులు ఉండిపోయి, ‘చూడాలనిపించే’వి త్వరగా తిరిగొచ్చాయి.

కారణం సులువే. బరువైన సినిమాకైనా, అభిరుచి పత్రికకైనా శ్రమ ఇప్పుడు, లాభం తర్వాత. రేపు చదవబోయే మనిషికి ఓపిక ఉంటుందని ఇవాళ మనం ధీమాగా నమ్ముతాం. ఆ రేపు వచ్చేసరికి ఆయనా మనలాగే ఆఫీసు నుంచి అలిసిపోయి వస్తాడు.

మనసుకు హత్తుకునే సినిమా ఈ రెండు గంపల్లో దేనిలోనూ సరిగ్గా ఇమడదు. చూడటానికి తేలికే, కానీ వట్టి కాలక్షేపం అనలేం. ఒకరి మంచితనం చూసినప్పుడు గుండెల్లో వెచ్చగా అనిపించి, గొంతు పూడుకుపోయి, మనమూ ఎవరికైనా ఏదైనా చేద్దామనిపిస్తుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జొనాథన్ హైట్ ఈ అనుభూతి మీద చాలా పని చేశారు. 2008లో ఆయనా, జెన్నిఫర్ సిల్వర్స్ కలిసి పాలిచ్చే తల్లులకు వీడియోలు చూపించారు. కొందరికి మనసు కరిగించేది, మిగతావాళ్లకు నవ్వించేది. మొదటి గుంపులో ఎక్కువ మంది వెంటనే బిడ్డకు పాలిచ్చారు, లేదా వాళ్లకు పాలు చేపుకొచ్చాయి. దీని వెనక ఆక్సిటోసిన్ హార్మోన్ ఉండొచ్చని అంచనా. అయితే ఆ హార్మోన్‌ను నేరుగా కొలవలేదు, పాల్గొన్నవాళ్లూ కొద్దిమందే. కాబట్టి ‘మంచి సినిమాతో ఆక్సిటోసిన్ పెరుగుతుంది’ అని వాట్సాప్‌లో వచ్చేవాటిని అంత తొందరగా నమ్మనక్కర్లేదు.

విశ్రాంతి మీద జర్మన్ మనస్తత్వవేత్త జబీనె సొన్నెన్‌టాగ్, షార్లట్ ఫ్రిట్జ్ 2007లో చేసిన విభజన ఇక్కడ పనికొస్తుంది. పని ఒత్తిడి నుంచి తేరుకోవడానికి తోడ్పడే అనుభవాలు నాలుగని వాళ్లు చెప్పారు: పని ధ్యాస వదిలించుకోవడం, సేద తీరడం, కొత్తది నేర్చుకోవడం, మన సమయం మన చేతిలో ఉండటం. సినిమా మొదటి రెండూ ఇస్తుంది. మూడోది అభిరుచి పత్రిక సొత్తు, అదీ చేతులు కదిలితేనే. అంటుకట్టడం గురించి పది పేజీలు చదివి కత్తి పట్టకపోతే అదీ ఒకరకం సినిమానే. నాలుగోదాని గురించి, రిమోట్ ఒకరి గుప్పిట్లోనే ఉండే ఇళ్లవాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు.

అందుకని రాత్రి పదింటికి, కళ్లు మూతలు పడుతుండగా, బోన్సాయ్ వ్యాసం ముందేసుకోవడం దండగ. దాన్ని ఆదివారం పొద్దుటికి ఉంచాలి. శనివారం చూడాల్సిన సినిమాను గురువారమే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చేసుకోవడం మేలు. పై ప్రయోగాల ప్రకారం ముందుగా చేసే ఎంపికే కాస్త పెద్దమనిషి తరహాలో ఉంటుంది.

2012లో తనికెళ్ల భరణి తీసిన ‘మిథునం’ లాంటి సినిమా అయితే రెండు పనులూ ఒకేసారి చేస్తుంది. పెరటి చెట్లు, వంటలు, ఇంటి పనులన్నీ సొంత చేతుల మీదుగా నడుపుకునే ముసలి దంపతుల కథ అది. ఏ తోటపని పత్రికైనా తెరవాలంటే అది చూసిన మర్నాడే మంచి అదను.